ఎకరంలో నాలుగు పద్ధతులు: ఈ వానాకాలం వరి డైరీ

రోహిణి కార్తె, మే చివరి వారం

కాలువ పక్కనున్న ఎకరాన్ని ఈ వానాకాలం నాలుగు మళ్ళుగా విడగొట్టాం. ఒక్కోటి పది గుంటలు. ఒకటో మడిలో తాత విత్తినట్టే పొడి దుక్కిలో గొర్రు వెద, అంటే ఎడ్లు లాగే గొర్రుతో సాళ్ళలో విత్తడం. రెండో మడిలో నాయన నమ్మిన నాటు, అంటే నారు పోసి, పీకి, కూలీల చేత వేయించేది. మూడో మడి శ్రీ పద్ధతికి, అంటే లేత మొక్కలను ఎడంగా ఒక్కొక్కటి నాటేదానికి. నాలుగోది మొలక వడ్లను వరసల్లో రాల్చే డ్రమ్ సీడర్‌కు. మిగిలిన పొలం ఎట్లాగూ నాటు మిషన్ కిందికే పోతుంది కాబట్టి అయిదో పద్ధతి అడక్కుండానే లెక్కలోకి వచ్చింది. విత్తనం అన్నిటికీ ఒకటే: ఆర్‌ఎన్‌ఆర్ 15048, అందరూ తెలంగాణ సోన అనే రకం. దాదాపు 125 రోజుల పంట, గింజ సన్నం, యూరియా ఎక్కువైతే పడిపోయే గుణం ఉంది.

ఇంట్లో ఏటా ఇదే తగువు. నాయన "నాటేస్తేనే వరి, జల్లితే గడ్డి" అంటాడు. నేను కూలీల సంగతి ఎత్తుతాను. ఎవరి మాట మీద వాళ్ళం ఉండగానే ఆరుద్ర వెళ్ళిపోతుంది. ఆఖరికి ఏ గుంపు దొరికితే ఆ గుంపుతో, వాళ్ళు చెప్పిన రేటుకు, ముదిరిన నారు పెట్టించి ఊపిరి పీల్చుకుంటాం. ఈసారి మాటలు కట్టిపెట్టి మడికో పద్ధతి పెడదామని, ఖర్చు, కలుపు, పిలకలు, నీళ్ళు అన్నీ నోట్‌బుక్‌లో రాద్దామని ఒప్పందం. రాత నీది, తీర్పు నాది అన్నాడు నాయన. సరేనన్నాను.

మాది నాగార్జున సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, మిర్యాలగూడ వైపు. పొలం ఎగువ కొస ఎర్ర చెలక, దిగువకు పోయేకొద్దీ నల్లరేగడి. తాత పెళ్ళినాటికి ఇందులో వరి లేదు. జొన్న, ఆముదం, కంది, ఉలవ. అన్నీ గొర్రుతోనో, నాగటి సాలు వెంట చేత్తోనో వేసినవే. వరి అంటే ఊరి చెరువు కింద భూమి ఉన్న కొద్దిమందిదే, అదీ చెరువు నిండిన ఏడే. సాగర్‌కు 1955లో నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. పిల్లకాలువలు తవ్వి మా తూము దాకా నీళ్ళు రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. వచ్చాక చెలకను మడి చేయడం మావాళ్ళకు చేతకాని పని. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్ళు దమ్ము చేస్తుంటే, అంటే నీళ్ళు పెట్టి బురదగా దున్నుతుంటే, గట్టు మీద నిలబడి చూసి నేర్చుకున్నానని తాత చెప్పేవాడు. నాయన నాటును అనాదిగా వస్తున్న ఆచారంలా మాట్లాడతాడు గానీ, మా ఇంటికి అది ఆయన నిక్కరు తొడిగే వయసులో వచ్చింది.

ఈ వారమంతా గొర్రు పనే. కొట్టంలో అటక మీద దుంగ దొరికింది, పళ్ళకు ఇనుప కర్రులు తుప్పు పట్టినా గట్టిగానే ఉన్నాయి. జడ్డిగం కూడా ఉంది, దాన్ని అమ్మ ఇన్నాళ్ళూ మేకులు వేసుకునే గిన్నెగా వాడుతోంది. వెదురు గొట్టాలు మాత్రం చెదలు తినేశాయి. గొర్రు చూడని వాళ్ళకు చెప్పాలంటే, నాలుగు పళ్ళున్న దుంగ, ఒక్కో పంటి వెనక ఒక్కో గొట్టం, గొట్టాలన్నీ పైన చెక్క గిన్నెలాంటి జడ్డిగంలో కలుస్తాయి. జడ్డిగంలో వదిలిన గింజ నాలుగు వాటాలై నాలుగు సాళ్ళలో పడాలి. ఊళ్ళో వడ్రంగి ఇప్పుడు తలుపులు, కిటికీలే చేస్తున్నాడు. వెదురు బదులు ఇంటి వైరింగుకు వాడే పైపు ముక్కలు కోసి బిగించాడు. నున్నగా ఉంటాయి కాబట్టి గింజ ఇంకా బాగా జారుతుందట.

మృగశిర కార్తె, జూన్ రెండో వారం

తొలకరి రెండు దుక్కుల వానగా పడింది. మట్టి పిడికిట పడితే ఉండ కడుతోంది, వదిలితే విరుగుతోంది. ఇదే పదును అన్నాడు నాయన. పక్క ఊళ్ళో పత్తి రైతు ఒకాయన సాళ్ళ మధ్య గడ్డి కోసే గుంటక పనికి ఇంకా ఎడ్లను ఉంచుకున్నాడు, ఆ జతను పొద్దుటి పూటకు మాట్లాడుకున్నాం.

గొర్రు పట్టేవాళ్ళు దొరికారు గానీ జడ్డిగం పోసేవాళ్ళే కరువు. ఈ పని మా వైపు ఎక్కువగా ఆడవాళ్ళదే. మా వాడకట్టు చివర ఉండే అవ్వకు ఎనభై దాటి ఉంటాయి, ఒడిలో గింజలు కట్టుకుని గొర్రు వెనక నడుస్తానంది. రెండు సాళ్ళు ఆమె పోశాక నాకు ఇచ్చింది. నేను పోసిన సాలులో పది అడుగులు ఒత్తుగా, పది అడుగులు ఖాళీ. ఆమె నా మణికట్టు పట్టుకుని చూపించింది. గింజ అరచేతిలోంచి రాలకూడదు. పిడికిలి కిందికి తిప్పి, చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య సందు వదిలి, బొటనవేలితో గింజను ముందుకు నెడుతూ ఉండాలి. చేయి జడ్డిగం మీద చిన్నగా గుండ్రంగా తిరుగుతూనే ఉండాలి, లేకపోతే ఒకే గొట్టం నిండుతుంది. "ఎడ్ల అడుగు ఇనుకుంట పొయ్యాలె బిడ్డా, సాలు దిక్కు జూస్తే చెయ్యి ఆగుతది" అంది. నిజమే, కిందికి చూసినప్పుడల్లా నా చేయి ఆగిపోతోంది.

ట్రాక్టరు వెనక తగిలించే విత్తే యంత్రంలోనూ ఇదే ఉంది. అక్కడ పళ్ళు తొమ్మిదో పదకొండో, బొటనవేలి పనిని గాడులున్న చక్రం చేస్తుంది, చక్రాన్ని బండి నడకే తిప్పుతుంది. ఎడ్లు ఆగితే చేయి ఆగాలి, బండి ఆగితే చక్రం ఆగుతుంది. ఇంత పనికొచ్చే సూత్రం ఎప్పటినుంచో మన చేతిలో ఉన్నా, కాలువ నీళ్ళు వచ్చాక మా ఊరు దాన్ని అటకెక్కించింది.

ఎకరానికి 20 కిలోల లెక్కన మా పది గుంటలకు అయిదు కిలోలు. విత్తాక గుంటక తోలి సాళ్ళు పూడ్చాం. ఈ మడిలో కలుపు మందు వాడబోవడం లేదు. తాతకు లేని సాధనం ఈ మడికీ ఇవ్వకూడదన్నది షరతు.

ఆరుద్ర కార్తె, జూన్ చివర

మొలక బాగుంది. పైనుంచి చూస్తే నాలుగేసి పచ్చగీతలు, అక్కడక్కడా నా సాళ్ళ ఖాళీలు. కలుపు మాత్రం వరికంటే ముందే లేచింది. పొడి వెద అసలు కథ ఇక్కడే తెలుస్తుంది. వరి, గడ్డి ఒకే వానకు, ఒకే రోజు మొలుస్తాయి. ఎవరికీ ముందు పరుగు లేదు. సాళ్ళ మధ్య చేతి గుంటక లాగాం, సాలు లోపలిది చిన్న కొడవళ్ళతో తీయాల్సి వచ్చింది. పది గుంటలకే ఇంట్లో అందరి నడుములూ పట్టేశాయి. అమ్మ ఒక్కటే మాట అంది: "మీ తాత గొర్రు కొట్టి పొయ్యి కచ్చీరు కాడ కూసునేటోడు. ఈ గడ్డి తీసింది మీ నాయనమ్మ." నోట్‌బుక్‌లో ఖర్చు పట్టీలో ఇంటి ఆడవాళ్ళ పనికి కూడా కూలి కట్టి రాయడం ఆ రోజు నుంచి మొదలైంది.

రెండో మడికి నారు పోశాం. ఎకరానికి 20 నుంచి 25 కిలోలు అని శాస్త్రవేత్తలు చెబుతారు, మా వైపు 30 పోసేవాళ్ళే ఎక్కువ. నాయన ఉప్పు నీళ్ళ పరీక్ష వదలడు. కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలిపి, వడ్లు పోసి, తేలిన తాలు తీసేసి, మునిగినవి మంచినీళ్ళతో కడిగాడు. కార్బండిజమ్ అనే తెగుళ్ళ మందు లీటరుకు గ్రాము కలిపిన నీళ్ళలో ఒక రోజు నానబెట్టి, మొలకెత్తడానికి తడి గోనెలో ఇంకో రోజు మండె కట్టాం. మిషన్ నాటుకు ట్రేలలో నారు పోయడం ఇంకా ఆగాలి. ఆ నారు 15 నుంచి 18 రోజుల మధ్యలోనే పనికొస్తుంది, కాలువ ఎప్పుడు వస్తుందో తేలకుండా ట్రేలు పోస్తే అవి ముదిరి చేతికి రావు.

పునర్వసు కార్తె, జులై మొదటి పక్షం

ఒకటో మడి పసుపెక్కింది. లేత ఆకులు ముందు, ఆకు ఈనెలకు నడుమ పాలిపోయి, కొన్ని చోట్ల తెల్లగా కాగితంలా. తెగులని కంగారు పడనక్కర్లేదు, చెలకలో పొడి వెద వరికి ఇది మామూలే. మన ఎర్ర మట్టిలో ఇనుముకు కొదవ లేదు. నీళ్ళు నిలవని మట్టిలో గాలి ఆడుతుంది కాబట్టి ఆ ఇనుము వేరు తీసుకోలేని రూపంలో ఉంటుంది. అదే మడిలో నీళ్ళు నిలిస్తే గాలి పోయి, ఇనుము కరిగి వేరుకు అందుతుంది. లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది (ఇనుము ఉన్న ఉప్పు), 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధితో రెండుసార్లు పిచికారీ చేశాం. రెండో పిచికారీ నాటికే కొత్త ఆకు పచ్చగా వచ్చింది.

నాలుగో మడికి బోరు నీళ్ళతో దమ్ము. డ్రమ్ సీడర్‌కు ప్రాణం చదునులోనే ఉంది. ఈ విషయంలో నాయన రాజీ పడడు, దమ్ము చక్రాల గుంతలన్నీ పోయేదాకా పలక లాగించాడు. అయినా ఒక మూల అరచేయంత లోతు నీరు నిలిచింది, అక్కడికి చిన్న కాలువ తీశాం. దమ్ము చేసిన వెంటనే విత్తితే గింజ బురదలో దిగిపోతుంది, ఎక్కువ ఆగితే మట్టి గట్టిపడి గింజ పైనే ఎండుతుంది, పిట్టల పాలవుతుంది. ఒక రోజు ఆగి, నీళ్ళు తీసేసి, వేలు గుచ్చితే గాడి నిలిచే దశలో మొదలుపెట్టాం.

డ్రమ్ సీడర్ చూడ్డానికి ఆటబొమ్మలా ఉంటుంది. రెండు ప్లాస్టిక్ చక్రాలు, మధ్య ఇరుసుకు నాలుగు డ్రమ్ములు, ఒక్కో డ్రమ్ముకు రెండు అంచుల్లో రంధ్రాలు. ఒక మనిషి వెనక్కి నడుస్తూ లాగితే 20 సెంటీమీటర్ల ఎడంతో ఎనిమిది వరసలు పడతాయి. వడ్లు ముక్కు పగిలే దశలోనే ఉండాలి. మొలక పొడుగైతే ఒకదానికొకటి చిక్కుకుని రంధ్రంలోంచి రావు. డ్రమ్మును మూడొంతులే నింపాలి, నిండా పోస్తే గింజ పొర్లదు. మూడు కిలోల గింజ చాలింది. పది గుంటలు లాగడం పొద్దున మొదలుపెట్టి టీ తాగే వేళకే అయిపోయింది. నాయన గట్టు మీద నుంచి "ఇంతేనా" అన్నాడు. ఆ "ఇంతేనా"లో మెచ్చుకోలు ఎంతో, అనుమానం ఎంతో నాకు అర్థం కాలేదు.

నాలుగో రోజు పైరజోసల్ఫ్యూరాన్ ఇథైల్ అనే కలుపు మందు ఎకరానికి 80 గ్రాముల లెక్కన 20 గ్రాములు పొడి ఇసుకలో కలిపి చల్లాం. భయమంతా వాన గురించే. మొలక నిలదొక్కుకోకముందే పెద్ద వాన పడితే గింజలన్నీ పల్లానికి కొట్టుకుపోయి ఒక్కచోట కుప్పవుతాయి. ఈ ఏడు తప్పింది.

శ్రీ మడి గురించి క్లుప్తంగా రాస్తాను. 1980ల్లో మడగాస్కర్‌లో ఆన్రీ ద లొలానీ అనే జెస్యూట్ ఫాదరీ తీర్చిదిద్దిన పద్ధతి ఇది. 2003 వానాకాలంలో ఉమ్మడి రాష్ట్రంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతుల పొలాల్లో పెట్టించాక పేరొచ్చింది. ఎకరానికి రెండు కిలోల విత్తనం చాలు, మాకు అరకిలో పట్టింది. 8 నుంచి 12 రోజుల వయసున్న రెండాకుల మొక్కను, గింజా మట్టీ ఊడకుండా తీసి, ఒక్కొక్కటిగా 25 సెంటీమీటర్ల చదరానికి ఒకటి చొప్పున పైపైన పెట్టాలి. పెట్టిన సాయంత్రం మడి ఖాళీగా కనిపించి, దారిన పోయేవాళ్ళు నారు చాలలేదా అని అడిగారు. తాడు పట్టి వరసగా నాటడం మాత్రం కొత్తదేం కాదు. 1953లోనే దేశమంతటా జపాన్ పద్ధతి పేరుతో వరస నాటు ప్రచారం చేశారు. నాటేవాళ్ళకు తాడు జరుపుకుంటూ పోవడం విసుగు, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

పుష్యమి కార్తె, జులై చివర

రెండో మడి నాటు. ఒకప్పుడు మా ఊరి ఆడవాళ్ళ గుంపులే నాలుగైదు ఉండేవి. పాట ఎత్తుకునే ఆమె మునుంకు, అంటే నాటే వరసకు, ఒక కొసన, పందెం కట్టే పడుచులు ఇంకో కొసన. ఇప్పుడు ఒక్క గుంపే మిగిలింది, అందులో చిన్నామె వయసు యాభై పైనే. ఆడపిల్లలు చదువులకు పోయారు, కోడళ్ళు మిర్యాలగూడ కొట్లలో పనికి పోతున్నారు. అందులో నాకు చింత ఏమీ లేదు, నడుము వంచి బురదలో వెనక్కి నడిచే పని ఎవరి పిల్లలకూ కోరుకోం. పెద్ద కమతాలవాళ్ళు బెంగాల్, బీహార్ నుంచి వచ్చే మగవాళ్ళ ముఠాలకు ఎకరానికి ఇంత అని గుత్తకిస్తున్నారు. నారు పీకడం, మోయడం, నాటడం అన్నీ వాళ్ళే. వేగం చూస్తే కళ్ళు తిరుగుతాయి. పది గుంటల కోసం ఆ ముఠా రాదు, కాబట్టి మాకు మా ఊరి గుంపే.

నాయన పట్టుదల ఒకటుంది, బాటలు. ప్రతి రెండు మీటర్లకు తూర్పు పడమరలుగా 20 సెంటీమీటర్ల దారి వదలాలి. గాలీ వెలుతురూ ఆడితే సుడిదోమ పురుగు తగ్గుతుంది, మందు కొట్టేటప్పుడు నడవడానికీ పనికొస్తుంది. తాడు పట్టుకుని రెండు కొసల మధ్య ఆయనే పరుగెత్తాడు. గుంపు పెద్దామె ఊరుకోలేదు: "పటేలా, గింత జాగ ఇడిస్తే గింజలు ఏడ కాస్తయి?" అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు గానీ తాడు వదల్లేదు.

ప్లాస్టిక్ పైపులతో మీటరు చదరం చట్రం చేసుకున్నాను. నాటిన మర్నాడు అక్కడక్కడా వేసి కుదుళ్ళు లెక్కపెట్టాను. వానాకాలానికి చదరపు మీటరుకు 33 కుదుళ్ళు ఉండాలన్నది సిఫార్సు, అంటే 20 సెంటీమీటర్ల వరసలో 15కు ఒకటి. మా మడిలో ముప్పై కూడా తేలలేదు, గట్టు దగ్గర మాత్రం నలభై దాకా ఉన్నాయి. యజమాని నిలబడే చోట ఒత్తుగా, నడిమిట్ల పలచగా. ఇది మా ఊరి గుట్టేం కాదు, ఏ ఊరి మడిలో చట్రం వేసినా కనిపిస్తుంది.

ఇన్నేళ్ళూ నాటు గొప్పతనం దిగుబడిలో ఉందనే విన్నాను. ఒకటో మడిలో గడ్డి తీసి, రెండో మడిలో నాటు చూశాక నాకు తోస్తున్నది ఏమిటంటే, నాటు మొదటగా కలుపును ఓడించే ఎత్తు. పాతిక రోజుల నారును అప్పుడే దమ్ము చేసిన మట్టిలో పెట్టి, మీద నీళ్ళు నిలుపుతాం. మడిలో ఉన్న గడ్డి దమ్ములో తొక్కుకుపోయింది, కొత్తది మొలవాలంటే నీళ్ళ కింద గాలి అందదు, మొలిచినా వరి అప్పటికే జానెడు పైన ఉంటుంది. ఈ ముందు పరుగు కోసమే అంతమంది ఆడవాళ్ళ నడుములు వంగాయి. ఇసుకలో కలిపి చల్లే 20 గ్రాముల మందు ఆ ముందు పరుగును ఇంకో దారిలో ఇస్తోంది. అందుకే డ్రమ్ సీడర్‌నూ, చేత్తో వెదజల్లడాన్నీ కూలీల కొరత ఒక్కటే తెచ్చిందంటే నేను ఒప్పుకోను. కూలీలు ఎప్పుడు తగ్గినా కలుపు మందు లేనిదే జల్లుడు వరి ఇంత విస్తీర్ణానికి పాకేది కాదు. మందు పనిచేయని గడ్డి పెరిగిన రోజున మళ్ళీ నాటు గుంపును వెతుక్కోవలసి వస్తుందేమో.

పొట్టి రకాల సంగతి కూడా ఇందులో ఉంది. ఐఆర్-8 అనే పొట్టి వరి రకం వచ్చినప్పుడు, 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపించాక, డెల్టా అంతా పొట్టి వరి వైపు తిరిగింది. పాత పొడుగు రకాలు గడ్డి మీద నీడ పరిచేవి, ముదురు నారు లోతుగా పెట్టినా లేచేవి. పొట్టి రకానికి లేత నారు, పైపైన నాటు, పలచటి నీళ్ళు, సమయానికి ఎరువు కావాలి. నాటు పని ఒక్కసారిగా ఖచ్చితమైన పనైపోయింది.

ఆశ్లేష కార్తె, ఆగస్టు మొదట్లో

సాగర్ నుంచి నీళ్ళు వదిలారు, తూము దాకా చేరాయి. ఒకటో మడికి తొలి తడి. రెండు నెలలుగా వాన మీదే బతికిన వరి నీళ్ళు నిలవగానే రంగు మార్చింది, అన్నభేది ఇక అక్కర్లేదు. జూన్‌లో పొడిగా విత్తి కాలువ వచ్చాక మడి చేసే ఈ పద్ధతికి కాలువ ఎంత ఆలస్యమైనా దిగులు లేదు. ఊళ్ళో మిగతావాళ్ళు ఇప్పుడే దమ్ములు మొదలుపెట్టారు.

మిగిలిన పొలంలో మిషన్ దిగింది. ట్రేలలో నారు చాపలా చుట్టి తెచ్చి మిషన్ వెనక పళ్ళెంలో పరిచారు. వరసల మధ్య 30 సెంటీమీటర్లు మార్చడానికి లేదు, మొక్కల మధ్య 14 పెట్టించాం, చదరపు మీటరుకు 24 కుదుళ్ళు. మిషన్ తిరిగే మూలలు ఖాళీగా మిగిలాయి, మళ్ళీ మా ఊరి గుంపే వచ్చి పూడ్చింది. మిషన్ కుర్రాడికి ఇరవై రెండేళ్ళు, చెవిలో ఇయర్‌ఫోన్, గీత మాత్రం వంకర పోనివ్వడు.

మఖ, పుబ్బ కార్తెలు

మఖ పుబ్బలు వరపైతే మహా కరువంటారు. ఈసారి ముసురు పట్టింది, నీళ్ళ గొడవ లేదు.

శ్రీ మడిలో కోనో వీడర్, అంటే చేత్తో తోసే కలుపు యంత్రం, తోలడం గురించి ఒక మాట. చదరంగా నాటడం వల్ల అటూ ఇటూ రెండు దిక్కులా తోలవచ్చు. ఎర్ర మట్టిలో సాఫీగా పోయింది, రేగడి కలిసే చోట పలకలకు బంక పట్టి మనిషినే వెనక్కి లాగింది. పది రోజులకోసారి ఈ పని. పిలకలు మాత్రం అన్ని మళ్ళకంటే ఇక్కడే ఎక్కువ, ఒక్క మొక్క పిడికిట పట్టనంత దుబ్బు కట్టింది. నాయన ఆ దుబ్బు పీకి వేరు చూశాడు, తెల్లగా గుబురుగా ఉంది. చాలాసేపు ఏమీ అనకుండా మళ్ళీ బురదలో గుచ్చాడు. ఊరంతా ఇది ఎందుకు పట్టుకోలేదో వీడర్ తోలిన వాళ్ళ అరచేతులు చెబుతాయి.

డ్రమ్ మడిలో మందుకు లొంగని ఊద గడ్డి లేచింది. పిలక దశలో ఊదనూ వరినీ వేరు చేయడం కొత్తవాళ్ళ వల్ల కాదు, రంగు, ఎత్తు, నిలబడే తీరు అంతా ఒకటే. జడ్డిగం అవ్వ గుర్తు చూపింది. ఆకు కాడతో కలిసే చోట విప్పి చూడాలి. వరికి అక్కడ సన్నటి తెల్లటి పొర నిలబడి ఉంటుంది, రెండు పక్కలా నూగుతో చిన్న చెవులు. ఊదకు ఆ చోటు నున్నగా, బోడిగా ఉంటుంది. అదీ లేదు, ఇదీ లేదు. ఒకసారి తెలిశాక వంగకుండానే కనిపెట్టొచ్చు, ఊద మొదలు కాస్త ఎర్రబారి చదునుగా ఉంటుంది. వరసల్లో విత్తడం వల్ల వరస బయట మొలిచింది ఏదైనా పీకేయవచ్చు, వరసలో ఉన్న ఊదకే ఈ పరీక్ష. పక్క రైతు చేత్తో వెదజల్లాడు, ఆయనకు వరస లేదు కాబట్టి ప్రతి మొక్కకూ పరీక్షే.

డ్రమ్ మడికి ఇంకో బెంగ ఉంది. గింజ బురద పైనే పడింది కాబట్టి వేరు లోతుకు దిగలేదు. నీళ్ళు నిలిపి ఉంచకుండా మధ్యమధ్య నెర్రె కనిపించేదాకా ఆరగట్టాం, యూరియా మూడు దఫాలుగా తగ్గించి వేశాం. ఇప్పటికి నిలబడే ఉంది.

హస్త కార్తె, అక్టోబరు మొదటి వారం

ఒకటో మడి పండింది. చుట్టూ అంతా పాలు పోసుకునే దశ, ఈ పది గుంటలే బంగారు రంగు. పొలంలో ఒకే మడి ముందు పండితే ఏమవుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు, ఈ చుట్టుపక్కల పిచ్చుకలూ చిలకలూ మా మడి మీదే. అమ్మ పాత క్యాసెట్ టేపు కట్టింది, రెండు పూటలు పనిచేసింది. మూడో పూటకు చిలకలు ఆ టేపు మీదే కూర్చున్నాయి.

నాలుగో మడి లెక్క మరీ ఆశ్చర్యం. నారు పోసిన రెండు వారాల తర్వాత విత్తింది, అయినా నాటు మడితో పాటే ఈనింది. పీకి నాటితే మొక్క తేరుకోవడానికి వారం పది రోజులు పోతాయి, నేరుగా విత్తినదానికి ఆ విరామం లేదు. నాయన రెండు మళ్ళ మధ్య గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసి, వెన్ను విరిచి గింజలు లెక్కపెట్టాడు. నాటు మడి వెన్నులో గింజలు ఎక్కువ, డ్రమ్ మడిలో వెన్నులు ఎక్కువ.

ఒకటో మడి కోత ఎట్లా అన్నది అసలు చిక్కు. పది గుంటల కోసం హార్వెస్టర్ రానంది, వచ్చినా పచ్చి మడుల్లోంచి దారి లేదు. కొడవళ్ళతో కోసి, పరదా మీద బల్లకేసి కొట్టాం. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, మబ్బులు ఆడుతున్నాయి కాబట్టి వడ్లు ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద ఆరబోసి రాత్రిళ్ళు కాపలా. తూకం నాటు మడి గత ఏటి లెక్కకు కొంచెం తగ్గింది, నీళ్ళ ఖర్చు మాత్రం సగం కూడా కాలేదు. ఇంటి ఆడవాళ్ళ కూలి కలిపితే నాలుగింటిలో ఖర్చు ఎక్కువ పట్టింది ఈ మడికే. ఆ అంకె చూసి నాయన గట్టిగా ఏదో అనబోయి, అమ్మ వైపు చూసి ఆగిపోయాడు.

యాసంగికి మాట్లాడుకున్నది ఇదీ. దిగువ రేగడి మళ్ళు డ్రమ్ సీడర్‌కు. డిసెంబరు చలికి మండె ఆలస్యం అవుతుంది, గోనె మీద గడ్డి కప్పి వేడి నిలపాలి. ఎగువ చెలకలో గొర్రు వెద మళ్ళీ వానాకాలానికే, అదీ ట్రాక్టరు యంత్రంతో, కలుపు మందుతో, పక్క రైతులిద్దరూ కలిసి వస్తేనే. అందరివీ ఒకేసారి పండితే పిట్టలు పంచుకుంటాయి, హార్వెస్టరూ వస్తుంది. ఎకరం నాటు ఉంచుదామని నాయన పట్టు, దానికి మా ఊరి గుంపుకు ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చాడు. డ్రమ్ సీడర్‌కు ఆయన పెట్టిన షరతు ఒకటే: "చదును నేను జూస్త. నాకు నచ్చకుంటే ఆ మడి నాటే."

స్వాతి కార్తెలో మిగిలిన మళ్ళు కోశాక తూకాలు రాస్తాను.